గేమింగ్ ఛానెల్ కోసం తమ్ముడు ఉద్యోగం మానేస్తానంటున్నాడు, ఏం చెప్పాలి?

కావలి_అక్క
మా తమ్ముడి విషయం. వయసు ఇరవై నాలుగు. బీటెక్ అయ్యాక కృష్ణపట్నం వైపు ఒక కంపెనీలో చేరాడు. జీతం గొప్పదేం కాదు గానీ నెల తిరిగేసరికి పడుతుంది. రాత్రి ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం కూడా గదిలోకే తెప్పించుకుని, బీజీఎంఐ అనే ఫోన్‌లో కాల్చుకునే ఆట ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ పెడతాడు. ఛానెల్‌కి పదకొండు వేల మంది సబ్‌స్క్రైబర్లు. సంక్రాంతి వెళ్లాక రాజీనామా ఇచ్చి పూర్తిగా ఛానెలే చూసుకుంటానని మొన్న చెప్పాడు. అప్పట్నుంచి ఇంట్లో మాటల్లేవు. "ఆటలాడుకునేవాడికి డబ్బులిచ్చేదెవడు" అంటాడు నాయన. అమ్మ బాధ ఇంకొకటి, సంబంధం చూసేవాళ్లు అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్పాలని.

వాడి వీడియోలు నేను చూస్తాను. ఆట నాకు అర్థం కాదు, కానీ వాడు మాట్లాడే తీరు బాగుంటుంది, నవ్వొస్తుంది. అందుకే గట్టిగా వద్దనలేకపోతున్నా. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉండి ఇందులో నిజంగా బతుకుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. "కలలు నెరవేర్చుకోనివ్వండి" లాంటి మాటలు వద్దు, "రెండు తగిలించండి" కూడా వద్దు.

పెన్నగట్టు
సబ్‌స్క్రైబర్ల లెక్కతో ఏమీ తేలదక్కా. నెలకు ఎంత వస్తోంది?

కావలి_అక్క
ప్రతి నెలా రాదు. వంద డాలర్లు దాటితేనే పంపుతారంట కదా, రెండు మూడు నెలలకోసారి దాటుతుంది. లైవ్‌లో సూపర్ చాట్లు, అంటే చూసేవాళ్లు డబ్బు కట్టి పెట్టే మెసేజ్‌లు, కొన్ని వస్తాయి.

పెన్నగట్టు
మరి ఆ డబ్బు చూసుకుని రాజీనామా ఏంది సామీ! ఫోన్ ఈఎంఐ, నెట్ బిల్లుకే చాలదు.

రొయ్యల_రైతు
మాది ఇందుకూరుపేట దగ్గర. రొయ్యల గుంట వేసేటప్పుడే మాకు తెలుసు, వైట్ స్పాట్ తెగులు తగిలితే రోజుల్లో గుంట మొత్తం పోతుందని. అందుకే ఉన్నదంతా ఒక్క గుంటలో పోయం. మీ తమ్ముడు పోస్తానంటున్నాడు, అదీ తనది కాని గుంటలో. ఆ ఆట కొరియా కంపెనీది. వాళ్లో, మన ప్రభుత్వమో ఒక పొద్దున ఆపేస్తే ఏం చేస్తాడో అడగండి.

పొదిలి_గేమర్
రైతన్న అన్నది నా మీద జరిగింది కాబట్టి వివరంగా రాస్తా.

నేను 2019లో పొదిలిలో పబ్జీతో మొదలుపెట్టా. ఫోన్ తప్ప ఇంకేం లేదు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్జీ మొబైల్‌ని నిషేధించింది. దాని మీద చేసిన పాత వీడియోలు అలాగే ఉన్నాయి గానీ కొత్తగా ఆడేవాళ్లే లేకపోతే చూసేదెవరు? ఫ్రీ ఫైర్ అనే అలాంటి ఇంకో ఆటకి మారా. 2021 జులై 2న పబ్జీనే బీజీఎంఐ పేరుతో వచ్చింది, కొంత అటు వెళ్లా. 2022 ఫిబ్రవరి 14న ఫ్రీ ఫైర్‌నీ నిషేధించారు, దాని ఇంకో రూపం ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం ఉంది. అదే ఏడాది జులై 28న బీజీఎంఐని కూడా స్టోర్ల నుంచి తీసేశారు. రెండేళ్లు తిరగకుండా మూడు దెబ్బలు. బీజీఎంఐ మళ్లీ 2023 మే నెలాఖరుకు గానీ రాలేదు.

ఆ ఖాళీలో మా బావ దగ్గర పాత కంప్యూటర్ తీసుకుని కథ ఉన్న ఆటలు మొదలుపెట్టా. జీటీఏ 5, భయం ఆటలు, అప్పుడప్పుడూ బ్లాకులతో కట్టుకునే మైన్‌క్రాఫ్ట్. నేను ఎలా కాలుస్తానో చూడ్డానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. నా మాటల కోసం వచ్చినవాళ్లు మాత్రం ఏ ఆట పెట్టినా కూర్చున్నారు. ఛానెల్ నిలబడింది వాళ్ల మీదే. మీ తమ్ముడు మాట్లాడితే నవ్వొస్తుందన్నారే, అక్కా, వాడి ఆస్తి అదే. ఆట ఎవడైనా ఆడతాడు.

ఇప్పుడు దీని మీదే బతుకుతున్నా. మా ఊళ్లో ప్రైవేటు స్కూలు టీచరు జీతం కంటే ఎక్కువ, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ జీతం కంటే చాలా తక్కువ. అందులో యాడ్స్ డబ్బు సగం కూడా ఉండదు. మిగతాది చూసేవాళ్లు నెలనెలా కట్టే మెంబర్‌షిప్పులు, హెడ్‌ఫోన్లు, కీబోర్డుల కంపెనీలు చేయించే వీడియోలు. ఇక్కడికి రావడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లన్నీ పొద్దున మా నాయన కిరాణా కొట్లో కూర్చునే ఉన్నా, ఇప్పటికీ కూర్చుంటున్నా.

నెట్_గిద్దలూరు
యాడ్స్ డబ్బు అంత తక్కువెందుకన్నా? లక్షల వ్యూస్ కనిపిస్తాయి కదా.

పొదిలి_గేమర్
పెద్ద వీడియోల మీద వచ్చే యాడ్ డబ్బులో 55 శాతం మనకిస్తారు, షార్ట్స్ అనే చిన్న వీడియోల్లో మన వాటాకు వచ్చినదాంట్లో 45 శాతం. శాతాలు బాగానే ఉన్నాయి, అసలు మొత్తమే చిన్నది. యాడ్ ఇచ్చేవాడు కొనేవాడి కోసం చూస్తాడు. తెలుగు గేమింగ్ చూసేది ఎక్కువగా స్కూలు, ఇంటర్ పిల్లలు. వాళ్లు ఇల్లు కొనరు, ఇన్సూరెన్స్ తీసుకోరు. అదే వ్యూస్ డబ్బు గురించి చెప్పే ఛానెల్‌కి వస్తే లెక్క వేరు.

ఒంగోలు_లెక్కలసారు
పొదిలి తమ్ముడి కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఒక మాట గమనించండి. నిలబడ్డవాళ్లే ఇలాంటి చోట రాస్తారు. ఛానెల్ ఆపేసి బట్టల కొట్లో చేరినవాడు వచ్చి రాయడు. నా దగ్గర చదివే పదో తరగతి పిల్లల్లో, ఏమవుతావురా అంటే గేమర్ అవుతాననేవాళ్లు పెరిగారు. ఎవరైనా ఎడిటింగ్ నేర్చుకుంటున్నారా అంటే లేదు. రాత్రి రెండింటిదాకా ఆడి పొద్దున బెంచీ మీద నిద్ర. దాన్నే కెరీర్ అంటున్నారు. నాకు కడుపు మండేది అక్కడ.

మార్కాపురం_చిన్నోడు
సార్, యూట్యూబ్ గేమర్ ప్యూడీపై కూడా కాలేజీ మానేశాడు కదా. ఇప్పుడు ప్రపంచమంతా తెలుసు.

ఒంగోలు_లెక్కలసారు
మానేశాడు, నిజమే. స్వీడన్‌లో చామర్స్ అనే మంచి యూనివర్సిటీలో సీటు వదులుకున్నాడు. 2010లో ఛానెల్ పెట్టాడు, 2019 ఆగస్టుకు పది కోట్ల సబ్‌స్క్రైబర్లు. మధ్యలో హాట్‌డాగ్‌లు అమ్మే బండి దగ్గర పనిచేశానని అతనే చెప్పాడు. కానీ అక్కడ వాళ్ల దేశం పిల్లలకు యూనివర్సిటీ ఫీజు లేదు నాన్నా. చదువు మానేసినా ఫీజు అప్పు ఉండదు. మీ నాన్న నీ ఫీజు కోసం ఎక్కడ చేయి చాచాడో నీకు తెలుసా? పైగా అతను మొదలుపెట్టినప్పుడు ఆటలు ఆడుతూ మాట్లాడేవాళ్లు చాలా తక్కువ. ఇప్పుడు మన వీధిలోనే ముగ్గురున్నారు.

మార్కాపురం_చిన్నోడు
నాకు పదిహేనేళ్లు సార్. లైవ్ అయినా పెట్టుకోవచ్చా?

నెట్_గిద్దలూరు
ఒంటరిగా పెట్టలేవు. 2025 జులై 22 నుంచి యూట్యూబ్ లైవ్‌కి పదహారేళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాళ్లయితే పెద్దవాళ్లెవరైనా లైవ్‌లో కనిపిస్తూ ఉండాలి. డబ్బు వచ్చే యాడ్‌సెన్స్ ఖాతాకైతే పద్దెనిమిది. అప్పటిదాకా అమ్మానాన్నల పేరు మీదే.

పెన్నగట్టు
మార్కాపురం ఎండలో మధ్యాహ్నం లైవ్ పెడితే నీకంటే ముందు ఫోనే లాగౌట్ అవుతుంది అబ్బయ్యా. ముందు పదో తరగతి కానియ్.

చీమకుర్తి_ఎడిటర్
అక్కా, ఛానెల్ లింకు నాకు మెసేజ్ చేయండి. చూడకుండా సలహా చెప్పలేను. నేను గేమింగ్ ఛానెళ్లకు ఎడిటింగ్ చేస్తాను. ఇంతకుముందు గ్రానైట్ ఫ్యాక్టరీలో బిల్లులు రాసేవాణ్ని. కెమెరా ముందుకు ఎప్పుడూ రాలేదు, వచ్చే ఆలోచన కూడా లేదు. లెక్కల సారు చెప్పిన పిల్లలకు ఈ దారి కూడా చూపించండి. ఈ పనిలో ముఖం ఒక్కరిదే. వెనక కట్ చేసేవాడు, థంబ్‌నెయిల్ వేసేవాడు, చాట్ చూసుకునేవాడు, అందరికీ పని ఉంది.

బ్లాక్స్_ఒంగోలు
నేను మైన్‌క్రాఫ్ట్ మాత్రమే చేస్తాను, తెలుగులో. ఒంగోలు గిత్తని బ్లాకులతో కట్టిన వీడియోతో నా ఛానెల్ లేచింది. మూపురం సరిగ్గా రావడానికి పడ్డ పాట్లు నాకే తెలుసు.

డబ్బు విషయంలో పైవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. వీడియో పిల్లల కోసం చేసిందని పెడితే చూసేవాళ్ల అభిరుచిని బట్టి వచ్చే యాడ్స్ ఉండవు, కామెంట్లు ఉండవు. 2020 జనవరి నుంచి ఇదే పద్ధతి. మైన్‌క్రాఫ్ట్ పిల్లలే కాదు, పెద్దవాళ్లూ చూస్తారు. నా వీడియోలు ఎవరికోసమో నేను ప్రతిసారీ ఆలోచించి పెట్టాలి, అబద్ధం పెడితే ఛానెల్‌కే ముప్పు.

ఇంకొకటి. ఆడపిల్ల గొంతు వినిపిస్తే చాట్‌లో ఏం వస్తుందో ఇక్కడ రాయలేను. మొదట్లో లైవ్ కట్టేసి ఏడ్చేదాన్ని. ఇప్పుడు మా అన్న, ఇంకో ఇద్దరు స్నేహితురాళ్లు చాట్‌లో చెత్త మాటలు తీసేసే మోడరేటర్లుగా ఉంటారు, కొన్ని మాటలు యూట్యూబే ఆపేలా జాబితా పెట్టుకున్నా. ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలకు మైక్ కంటే ముందు కావలసింది మోడరేటర్లు.

కావలి_అక్క
ఇది చదివి మనసు కలుక్కుమంది చెల్లీ. నీ ఛానెల్ పేరు పంపు, మా పాపకు చూపిస్తా.

నెట్_గిద్దలూరు
నేనొకటి అడుగుతా, ఎవరూ తిట్టొద్దు. తెలుగులో చేస్తే రేటు తక్కువ, జనం తక్కువ. హిందీలో చేస్తే? క్యారీమినాటి, టోటల్ గేమింగ్, టెక్నో గేమర్జ్, అందరూ హిందీ. కోట్ల సబ్‌స్క్రైబర్లు. మన తమ్ముడికి హిందీ వస్తే అటు వెళ్లమనండి.

పొదిలి_గేమర్
నేను ఒప్పుకోను. వాళ్లకు హిందీ ఇంటి భాష. ఆటలో పక్కనుంచి బుల్లెట్ తగిలినప్పుడు నోట్లోంచి వచ్చే మాట ఆలోచించుకుని రాదు. మనకు "ఓర్నాయనో" అని వస్తుంది. దాన్ని హిందీలోకి మార్చుకుంటూ కూర్చుంటే వినేవాడికి తెలిసిపోతుంది. నా ఛానెల్లో ఎక్కువ కామెంట్లు "అన్నా, మీది ప్రకాశం జిల్లానా, మాదీ" అనేవే. బెంగళూరులో, దుబాయ్‌లో ఉన్న మనవాళ్లు రాత్రి భోజనం చేస్తూ పెట్టుకుంటారు. వాళ్లను వదిలి హిందీలో పదివేలమంది మధ్య నిలబడాలా?

రొయ్యల_రైతు
అదీ మాట. మా పిల్లోడు కూడా యాస ఉన్న వీడియోలే చూస్తాడు.

నెట్_గిద్దలూరు
యాస బాగుంటుంది, కాదనను. కానీ యాసతో ఈఎంఐ కట్టలేం. భోజనం చేస్తూ చూసేవాళ్లు ఎంతమందో, వాళ్ల మీద ఒక ఇల్లు నడుస్తుందో లేదో కూడా చూడాలి కదా. నా అభిప్రాయం మారలేదు.

చీమకుర్తి_ఎడిటర్
లింకు వచ్చింది, మూడు లైవ్‌లు పూర్తిగా చూశా. అక్కా, పొడవుగా రాస్తున్నా, తమ్ముడికి చూపించండి.

మొదటిది. లైవ్‌ని ఉన్నదున్నట్టు వదిలేస్తున్నాడు. మూడు గంటల వీడియో. తెరవగానే "సౌండ్ వస్తోందా, ల్యాగ్ అవుతోందా, లైక్ కొట్టండి" అంటూ నాలుగైదు నిమిషాలు పోతున్నాయి. లైవ్‌లో ఉన్నవాళ్లకు అది మామూలే. మర్నాడు చూసేవాడు మొదటి అర నిమిషంలో వెళ్లిపోతాడు. యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గీత, అంటే ఎంతమంది ఎంతసేపు చూశారో చెప్పేది, తీసి చూస్తే మొదట్లోనే కొండ మీంచి జారినట్టు ఉంటుంది, నేను చూడకుండానే చెప్పగలను.

రెండోది. వెనక సినిమా పాటలు పెడుతున్నాడు. యూట్యూబ్‌లో పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ పట్టుకుంటే ఆ వీడియో డబ్బు పాట హక్కులున్నవాళ్లకు పోతుంది. హక్కులున్నవాళ్లు ఫిర్యాదు చేసి నిజంగా స్ట్రైక్ ఇస్తే ఇంకా ప్రమాదం, 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే ఉండదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా ఉన్నవి వాడుకోమనండి.

మూడోది ముఖ్యం. రెండో లైవ్‌లో, రెండు గంటలు దాటాక, చివరి జోన్‌లో వీడొక్కడే మిగిలి గడ్డిలో పడుకుని ఉన్నాడు. అప్పుడు తలుపు చప్పుడు. బయట మీ నాయన "ఒరే, మోటారు ఆపావా?" అన్నాడు. వీడు గుసగుసగా "ఆపలేదు నాయనా, కదిలితే చంపేస్తారు" అన్నాడు. ఆయన "ఎవడ్రా చంపేది, ట్యాంకు పొంగుతోంది" అని అరిచాడు. ఆ అరుపు మైక్‌లో పడి స్క్వాడ్ వాళ్లంతా నవ్వారు, వీడు చచ్చిపోయాడు. చాట్ మొత్తం "మోటారు ఆపన్నా" అని నిండిపోయింది. నలభై సెకన్లు. దాన్ని ఎవరూ కట్ చేయలేదు, మూడు గంటల వీడియోలో పూడుకుపోయి ఉంది. అది షార్ట్‌గా వేయాలి. ఇలాంటివి ఆ మూడు లైవ్‌లలోనే ఇంకో నాలుగు గుర్తుపెట్టుకున్నా, టైములు మెసేజ్ చేస్తా.

తమ్ముడికి ఇప్పుడు తక్కువైంది టైము కాదని నా నమ్మకం. ఉద్యోగం మానేస్తే ఆ టైములో ఇంకో నాలుగు గంటలు లైవ్ పెడతాడు, అంతే. ఉన్న లైవ్‌లోంచి తీయడం నేర్చుకోవాలి.

కావలి_అక్క
మోటారు సంగతి చదివి పక్కింటివాళ్లకు వినపడేలా నవ్వాను. ఇది మా తమ్ముడికి పంపాను. వాడే ఇక్కడికి వస్తానన్నాడు.

ఆడిటర్_దర్గామిట్ట
ఎవరూ పన్నుల సంగతి ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా. అమెరికా నుంచి చూసినవాళ్ల వల్ల వచ్చే ఆదాయం మీద అక్కడ పన్ను పట్టుకుంటారు. యాడ్‌సెన్స్‌లో పన్ను వివరాలు సరిగ్గా నింపితే మనకు 15 శాతం, అదీ ఆ అమెరికా వాటా మీదే. నింపకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా పోవచ్చు. కంపెనీవాళ్లు రివ్యూ కోసం ఫోన్ పంపి ఉంచేసుకోమంటే, ఏడాదిలో వాటి విలువ ₹20,000 దాటితే 10 శాతం టీడీఎస్ ఉంటుంది, 2022 జులై నుంచి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి ₹20 లక్షలు దాటినప్పటి మాట. జీతం, ఛానెల్ రెండూ ఉంటే రిటర్న్‌లో రెండూ చూపించాలి. జీతానికి మాత్రమే రిటర్న్ వేసి ఇది వదిలేసే కుర్రాళ్లు నా దగ్గరకు చాలామంది వస్తారు.

కందుకూరు_కౌంటర్
బ్యాంకులో పనిచేస్తాను. డాలర్లు రావాలంటే స్విఫ్ట్ కోడ్ కావాలి. చిన్న ఊళ్ల బ్రాంచీలకు చాలావాటికి అది ఉండదు. ఐఎఫ్ఎస్సీ పెట్టేసి డబ్బు రాలేదని మా మీద కేకలు వేస్తారు. మీ బ్యాంకులో విదేశీ మారకం చూసే బ్రాంచి కోడ్ అడిగి పెట్టండి. నెలలో 21 నుంచి 26 మధ్య వాళ్లు పంపుతారు, మన ఖాతాలో పడటానికి ఇంకో రెండు మూడు రోజులు.

బ్లాక్స్_ఒంగోలు
పది డాలర్లు దాటగానే మన అడ్రస్ సరైనదో కాదో చూడ్డానికి యాడ్‌సెన్స్ వాళ్ల పిన్ నంబరు పోస్టులో వస్తుంది, దాని గురించి కూడా చెప్పండి సార్. మాది లాయర్‌పేట, పాత డోర్ నంబరు పెడితే ఉత్తరం తిరిగి వెళ్లిపోయింది. నాలుగు నెలల్లో పిన్ కొట్టకపోతే యాడ్స్ ఆపేస్తారు. పోస్ట్‌మ్యాన్ బాబాయ్‌కి ముందే ఫోన్ నంబరు ఇచ్చి పెట్టుకోవడం మంచిది.

జోన్_కావలి
అక్క తమ్ముణ్ని. అన్నీ చదివా.

చీమకుర్తి అన్న చెప్పింది నిజం, గీత మొదటి నిమిషంలోనే పడిపోతోంది. రాజీనామా గురించి ఎందుకన్నానో చెప్తా. పొద్దున ఆరున్నరకు కంపెనీ బస్సు. ఇంటికి చేరేసరికి ఎనిమిది. లైవ్ పెట్టి పడుకునేసరికి ఒంటిగంట. పగలు డ్యూటీలో కళ్లు మూతలు పడుతున్నాయి, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ రెండుసార్లు హెచ్చరించాడు. రెండూ మోయలేకపోతున్నా, అందుకని ఇష్టమైనది ఉంచుకుందామనుకున్నా.

ఇంకో కారణం ఉంది, అక్కకు కూడా చెప్పలేదు. టెలిగ్రామ్‌లో ఒకతను కాంటాక్ట్ చేశాడు. ఏ రంగు వస్తుందో డబ్బు పందెం కాసే కలర్ ప్రిడిక్షన్ యాప్ లింకు లైవ్‌లో పెట్టి రెండు నిమిషాలు మాట్లాడితే, నెలకు నా జీతం కంటే ఎక్కువిస్తానన్నాడు. ఇంకా ఏం చెప్పలేదు అతనికి.

పెన్నగట్టు
వద్దు. ఇంకేం ఆలోచించకు. వద్దు.

ఆడిటర్_దర్గామిట్ట
తమ్ముడూ, ఇది జైలు దారి. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2020లోనే నిషేధం వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది, ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం. అందులో ఆడించేవాడికే కాదు, ప్రచారం చేసేవాడికీ రెండేళ్ల దాకా జైలు, ₹50 లక్షల దాకా జరిమానా. 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం చేసినవాళ్ల మీద పోలీసులు కేసులు పెట్టారు, పేరున్నవాళ్లను కూడా పిలిపించారు. యూట్యూబ్ కూడా ఇలాంటి లింకులుంటే వీడియో తీసేస్తుంది.

రొయ్యల_రైతు
చట్టం సంగతి పక్కన పెట్టు నాయనా. మా ఊళ్లో ఒక కుర్రోడు ఇలాంటి యాప్‌లోనే మేత డబ్బులు పోగొట్టాడు. వాళ్ల నాయన గుంట అమ్ముకున్నాడు. ఆ యాప్ ఎక్కడ తెలిసిందిరా అంటే, రోజూ చూసే గేమింగ్ అన్న చెప్పాడన్నాడు. నిన్ను చూసేవాళ్లు నీ మాట నమ్మి కూర్చున్న పిల్లలు.

ఒంగోలు_లెక్కలసారు
రైతు గారూ, నేను రాయాలనుకున్నది మీరు రాశారు. అబ్బాయీ, నువ్వు దాచకుండా ఇక్కడ చెప్పావు, నీ మీద గౌరవం పెరిగింది. ఆ మనిషిని బ్లాక్ చెయ్.

జోన్_కావలి
చేశాను సార్.

పొదిలి_గేమర్
మంచి పని. ఇప్పుడు అసలు విషయానికొద్దాం. రోజూ లైవ్ పెట్టడం ఆపేయ్. శుక్ర, శనివారాలు రాత్రి చాలు. మిగతా రోజులు నిద్రపో, నిద్ర లేని గొంతు వినేవాళ్లకు తెలుస్తుంది. వారానికి ఒక్క వీడియో, పన్నెండు పదిహేను నిమిషాలది, బాగా కట్ చేసి వేయి. నెలకోసారి బీజీఎంఐ కానిది ఒకటి. మొదట వ్యూస్ పడిపోతాయి, భయపడకు.

టోర్నమెంట్ల మీద ఆశ ఉంటే వేరే లెక్క. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ని క్రీడా శాఖ కిందకు తెచ్చింది, 2023లో బీజీఐఎస్ అనే బీజీఎంఐ టోర్నమెంట్‌లో ₹2 కోట్ల ప్రైజ్ మనీ పెట్టారు. కానీ అది రోజంతా ప్రాక్టీస్ చేసే జట్ల పని. నీది మాటకారి ఛానెల్. రెండూ ఒకేసారి చేయకు.

జోన్_కావలి
అన్నా, ఉద్యోగం ఎప్పుడు మానొచ్చో గుర్తు ఏదైనా ఉందా?

పొదిలి_గేమర్
నేను చూసుకున్నది చెప్తా. ఛానెల్ డబ్బు వరసగా ఒక ఏడాది నీ జీతానికి సమంగా రావాలి, అందులో సగమైనా బీజీఎంఐ కాకుండా వేరే వాటి నుంచి రావాలి. ఆ ఏడాదిలో ఛానెల్ డబ్బు ఇంట్లో ఖర్చుపెట్టకుండా బ్యాంకులో ఉండాలి. ఇది కుదిరాక నువ్వు చెప్పకపోయినా మీ నాయనకే అర్థమవుతుంది.

బ్లాక్స్_ఒంగోలు
రెండు మూడు వీడియోలు ముందే చేసి షెడ్యూల్‌లో పెట్టుకో అన్నా. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మాకు కరెంటు లేదు, నెట్ లేదు. నా వీడియో మాత్రం ఆదివారం టైముకు వచ్చేసింది. చూసేవాళ్లు నేను తుఫానులో కూర్చుని చేశాననుకున్నారు.

చీమకుర్తి_ఎడిటర్
మోటారు షార్ట్ నేనే కట్ చేసి పంపుతా, డబ్బులొద్దు. కానీ మీ నాయన గొంతు ఉంది, ఆయన్ని అడిగాకే వేయి. ఇంట్లోవాళ్లను చెప్పకుండా వీడియోల్లోకి లాగితే తర్వాత గొడవలవుతాయి, నేను చూశాను.

కావలి_అక్క
అడిగాం. ఫోన్‌లో పెట్టి వినిపించాం. మొదట కోపం, తర్వాత ఇంకోసారి పెట్టమన్నాడు. "గొంతు వరకు ఉండనియ్, నా ముఖం గానీ ఊరి పేరు గానీ వద్దు" అన్నాడు. రాజీనామా సంగతి ఇప్పుడు లేదని తమ్ముడు చెప్పాక అందరం కలిసే అన్నం తిన్నాం. ఆట అంటే ఆయనకు ఇప్పటికీ పడదు. అది మారుతుందని నేను అనుకోను. మీ అందరికీ చాలా థాంక్స్, ముఖ్యంగా పొదిలి, చీమకుర్తి తమ్ముళ్లకు.

జోన్_కావలి
చీమకుర్తి అన్నా, నా లైవ్‌లో ఆట శబ్దం, నా మాట కలిసిపోయి ఉన్నాయి. కట్ చేసేటప్పుడు ఇబ్బంది అవుతోందా?

చీమకుర్తి_ఎడిటర్
చాలా. తుపాకీ మోతలో నీ మాట పోతోంది. ఫోన్ తెరని కంప్యూటర్‌లోకి తెచ్చుకుని ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేస్తే ఆట శబ్దం ఒక ట్రాక్, మైక్ ఇంకో ట్రాక్‌గా విడివిడిగా పెట్టుకోవచ్చు. ఓబీఎస్ ఉచితమే. కంప్యూటర్ లేకపోతే నీ మాటను వేరే ఫోన్‌లో రికార్డ్ చేసి, మొదట్లో ఒక్క చప్పట్టు కొట్టు, దాన్ని బట్టి రెండూ కలుపుతా. మైక్ పాతిక వేలది అక్కర్లేదు, చొక్కాకు తగిలించే మామూలుది చాలు. ఫ్యాను మాత్రం గోడ వైపు తిప్పు. శనివారం లైవ్ ఫైలు పంపు.